'ఇంజన్ పోయింది' అనగానే నమ్మేయాలా?

బండి మొరాయించిందంటే చాలు, మన ఇళ్లలో మొదట వినిపించే మాట "నువ్వు పక్కకి జరుగు, నీకేం తెలీదు" అన్నదే. రెండో మాట మెకానిక్ నోటి నుంచి వస్తుంది. "ఇంజన్ పోయిందమ్మా!" ఈ రెండు మాటల మధ్యా నలిగిపోయేది ఎవరయ్యా అంటే, ఆ బండిమీదే పిల్లల్ని స్కూల్లో దింపి ఆఫీసుకి పరుగెత్తే ఇల్లాలు.

మిక్సీ తిరగకపోతే మనం ఏం చేస్తాం? కరెంటు వుందో లేదో చూస్తాం. ప్లగ్గు కదిలించి చూస్తాం. జార్ సరిగ్గా కూర్చుందా అని చూస్తాం. అడుగునున్న ఎర్ర బటన్ నొక్కి చూస్తాం. ఇవన్నీ అయ్యాకే షాపుకి పట్టుకెళతాం. తిరగలేదు కదాని తిన్నగా వెళ్లి మోటారు మార్పించుకొచ్చే ఇల్లాలు ఎక్కడా వుండదు. మరి కారు దగ్గరికొచ్చేసరికి ఈ వరసంతా ఎందుకు మర్చిపోతాం?

ఆ వరస విలువెంతో పోయిన చలికాలం అమెరికాలో, మిషిగన్‌లో వుంటున్న మా చెల్లెలింట్లో కళ్లారా చూశాను. నేను కథలు రాసుకునేదాన్నే గానీ కార్లు విప్పేదాన్ని కాదు. అయినా అక్కడ విన్నదీ, చూసిందీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ నలుగురితో పంచుకోవాలనిపించింది. మన పిల్లలు, చెల్లెళ్లు ఎంతమంది అక్కడ పాత కార్లు కొనుక్కుని తిరగడం లేదు!

మంచులో ఆగిన ముచ్చట

మా చెల్లి ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. చదువుకునే రోజుల నుంచీ దానికో కోరిక... మాజ్డా ఆర్‌ఎక్స్-8 అనే స్పోర్ట్స్ కారు నడపాలని. 2012లో వాటి తయారీ ఆగిపోయింది. ఇప్పుడు దొరికేవన్నీ చేతులు మారినవే. అలాంటిదొకటి తన జీతంతో కొనుక్కుంది. "ఆడపిల్లకి స్పోర్ట్స్ కారెందుకే?" అన్నవాళ్లలో మా బంధువులే ఎక్కువమంది.

జనవరిలో ఓ ఉదయం ఇంటి ముందు మోకాలి లోతు మంచు పడింది. దారి శుభ్రం చేద్దామని మా మరిది ఆ కారుని స్టార్ట్ చేసి, పదడుగులు వెనక్కి తీసి, ఆపేశాడు. ఒక్క నిమిషం పని. గంట తర్వాత చెల్లి డ్యూటీకి బయల్దేరి తాళం తిప్పితే బండి గిర్రున తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. తిప్పేకొద్దీ పెట్రోలు వాసన, నీరసించిపోతున్న బ్యాటరీ! చివరికి లాగుడు బండి పిలిచి దగ్గర్లోని వర్క్‌షాపుకి పంపారు. సాయంత్రానికల్లా అక్కణ్ణుంచి కబురొచ్చింది. "ఇంజన్ పోయింది. కొత్తది వేయించే ఖర్చుకి ఇంకో కారు వస్తుంది. తుక్కు కింద అమ్ముకోండి."

మరిది అప్పుడే కొత్త కారు చూద్దామంటున్నాడు. చెల్లి మాత్రం ఫోను పెట్టేసి నాతో ఒక్కమాటంది. "కంప్రెషన్ ఎంత వచ్చిందో కాగితం మీద రాసిమ్మన్నానక్కా. అసలా టెస్టే చెయ్యలేదట!"

ఆ ఒక్క ప్రశ్నే కారుని కాపాడింది. ఎలాగో తెలియాలంటే ముందు ఈ ఇంజన్ సంగతి కాస్త తెలియాలి.

రుబ్బురోలు లాంటి ఇంజన్

మన కార్లలో, స్కూటర్లలో పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకుంటూ వుంటాయి. ఇది రోటరీ ఇంజన్. ఇందులో పిస్టన్లే వుండవు. రుబ్బురోలు గుర్తు తెచ్చుకోండి. రోలు కదలదు, అందులో పొత్రం చుట్టూ తిరుగుతుంది. పొత్రం ఒక పక్క ఒరుసుకుంటుంటే రెండో పక్క ఖాళీ ఏర్పడుతుంది కదూ! అచ్చం అలాగే, నడుం కాస్త నొక్కినట్టున్న కోలగుండు గదిలో మూడు మూలల రోటర్ తిరుగుతుంది. అది తిరుగుతుంటే ఒక వైపు ఖాళీ పెరిగి గాలినీ పెట్రోలునీ పీల్చుకుంటుంది. ఇంకో వైపు ఖాళీ తగ్గి వాటిని నొక్కుతుంది. అక్కడ నిప్పురవ్వ పడి మండుతుంది. మూడో వైపు నుంచి పొగ బయటికి పోతుంది.

దీన్ని కనిపెట్టినాయన జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్. ఎన్ఎస్‌యూ అనే కంపెనీలో 1957లో మొదటి నమూనా తిరిగింది. జపాన్‌లో హిరోషిమాకి చెందిన మాజ్డా ఈ ఇంజన్‌ని నమ్ముకుంది. కెనిచి యమమోతో అనే ఇంజనీరు నాయకత్వంలో 47 మంది ఏళ్ల తరబడి దీనితో కుస్తీ పట్టారు. రోటర్ మూలల్లో వుండే సన్నటి సీళ్లు గది గోడల్ని గీరేసి గీతలు పెట్టేవి. 'దెయ్యపు గోళ్ల గీతలు' అని వాటికి పేరు పెట్టుకున్నారట! ఆ బాధ తప్పించుకుని 1967లో కాస్మో స్పోర్ట్ కారుని అమ్మకానికి తెచ్చారు. 1991లో ఫ్రాన్స్‌లో జరిగిన లె మాన్ 24 గంటల పందెం నాలుగు రోటర్ల మాజ్డా కారే గెలిచింది.

ఆర్‌ఎక్స్-8లో రెండు రోటర్లుంటాయి. ఇంజన్ సైజు 1.3 లీటర్లే. బలం మాత్రం దాదాపు 230 హార్స్ పవర్. మన దగ్గర అదే సైజు ఇంజన్ వున్న చిన్న కార్ల బలానికి రెండింతలకి పైమాటే. అంత బలానికి తగ్గట్టే దీని అలకలు కూడా దీనివే! పిస్టన్ ఇంజన్లు మాత్రమే తెలిసిన మెకానిక్ దీని రోగాన్ని సరిగ్గా పట్టుకోలేకపోవడానికి కారణం కూడా అదే.

మొదట వినాల్సింది చప్పుడు

బండి స్టార్ట్ కాలేదంటే అందులో రెండు రకాలున్నాయి. తాళం తిప్పితే అసలు ఇంజన్ తిరగకపోవడం ఒకటి. తిరుగుతూ కూడా అంటుకోకపోవడం రెండోది. మెకానిక్‌కి ఫోను చేసినప్పుడు ఈ రెండింట్లో ఏదో చెప్పగలిగితే సగం పని అయినట్టే.

అసలు తిరగకపోతే అనుమానం బ్యాటరీ మీదికి, దాని కొసలకి పట్టిన తెల్లటి చిలుము మీదికి, స్టార్టర్ మీదికి పోవాలి. గేర్లు మార్చుకునే కారైతే క్లచ్ పూర్తిగా తొక్కితేగానీ స్టార్టర్ కదలదు. ఆటోమేటిక్ అయితే గేరు 'పి'లో గానీ 'ఎన్'లో గానీ వుండాలి. బాగున్న బ్యాటరీ ఖాళీగా వున్నప్పుడు 12.6 వోల్టుల దాకా చూపిస్తుంది. 12.2 కంటే తగ్గితే నీరసంగా వున్నట్టు లెక్క. ఇంజన్‌ని తిప్పేటప్పుడు 10 కంటే బాగా కిందికి పడిపోతున్నా అంతే. చలిలో ఏ బ్యాటరీకైనా సత్తువ తగ్గుతుంది.

రోటరీకి ఈ సత్తువ మరీ ముఖ్యం. స్టార్టర్ మెల్లగా తిప్పితే దాని గదిలో ఒత్తిడి చాలినంత రాదు. తర్వాత్తర్వాత కంపెనీయే మరింత బలమైన స్టార్టర్లు తెచ్చింది. అందుకే తెలిసిన మెకానిక్‌లు ఇంజన్ని తిట్టే ముందు బ్యాటరీనీ స్టార్టర్నీ చూస్తారు.

తడి కట్టెలు మండుతాయా?

గిర్రున తిరుగుతూ కూడా అంటుకోకపోతే? పెట్రోలు వాసన గుప్పుమంటే మొదటి అనుమానం 'ఫ్లడ్డింగ్' అన్నమాట. చల్లటి ఇంజన్ అంటుకోవడానికి కంప్యూటర్ మామూలుకంటే ఎక్కువ పెట్రోలు వదులుతుంది. వేడెక్కకముందే ఆపేస్తే ఆ పెట్రోలు లోపలే మిగిలి ప్లగ్గుల్ని తడిపేస్తుంది. అంతటితో ఊరుకోదు. రోటర్ సీళ్ల మీదున్న నూనె పొరని కడిగేస్తుంది. నూనె పొర పోతే ఒత్తిడి జారిపోతుంది. ఇప్పుడు మనం తాళం తిప్పినకొద్దీ ఇంకాస్త పెట్రోలు లోపలికి! తడి కట్టెల మీద కిరసనాయిలు బదులు నీళ్లు పోసి అగ్గిపుల్ల గీసినట్టుంటుంది మన అవస్థ.

మా మరిది ఒక్క నిమిషం పనికి జరిగింది సరిగ్గా ఇదే.

దీనికి విరుగుడుంది. యాక్సిలరేటర్‌ని నేల అంటేదాకా తొక్కి పట్టుకుని స్టార్టర్ తిప్పాలి. వినడానికి వింతగా వుంటుంది గానీ, అలా పూర్తిగా తొక్కి తిప్పినప్పుడు కంప్యూటర్ పెట్రోలు ఆపేసి గాలిని మాత్రమే లోపలికి రానిస్తుంది. పది సెకన్లకి మించి ఒకే దమ్మున తిప్పకూడదు, స్టార్టర్ కాలిపోతుంది. కాసేపు ఆగి మళ్లీ తిప్పాలి. రెండు మూడుసార్లయ్యాక కాలు తీసేసి మామూలుగా స్టార్ట్ చేసి చూడాలి. అంటుకోగానే పొగ కమ్మేస్తుంది, కంగారు పడనక్కర్లేదు. అయితే గ్యారేజీ తలుపు తెరిచే వుంచాలి. మూసిన గదిలో బండి పొగ ప్రాణం తీస్తుంది. పెట్రోలు వాసన వుండగా దగ్గర్లో నిప్పు కూడా వుండకూడదు.

అప్పటికీ లొంగకపోతే మెకానిక్ పని. ప్లగ్గులు విప్పి ఆరబెట్టి, పెట్రోలు పంపు ఫ్యూజు తీసేసి ఇంజన్ని తిప్పి లోపలి తడిని బయటికి పంపుతారు. ఆ రంధ్రాల్లోంచి చెంచాడు ఇంజన్ ఆయిల్ వేస్తే సీళ్లు మళ్లీ పట్టుకుంటాయి.

అసలు ఈ తిప్పలే రాకుండా వుండాలంటే ఒకటే సూత్రం. చల్లగా వున్న రోటరీని స్టార్ట్ చేశామా, వేడి చూపించే ముల్లు మామూలు చోటుకి వచ్చేదాకా ఆపకూడదు. పదడుగులు జరపడానికైతే స్టార్ట్ చెయ్యకుండా ఇద్దరు కలిసి నెట్టుకోవడమే మేలు.

నిప్పురవ్వ ఎక్కడ తప్పిపోయింది?

తడి ఆరినా అంటుకోకపోతే, లేదా తడవడం మాటిమాటికీ జరుగుతుంటే, చూడాల్సింది నిప్పురవ్వనే. ఇంటర్‌లో ఫిజిక్స్ చదువుకున్నవాళ్లకి ఇండక్షన్ కాయిల్ బొమ్మ గుర్తుండే వుంటుంది. కారులో వున్నదీ ఆ కాయిలే. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల్ని వేల వోల్టులకి పెంచి ప్లగ్గుకి పంపుతుంది. ప్లగ్గు కొసన అది రవ్వై దూకుతుంది.

రోటరీలో మండే గది పొడుగ్గా, పల్చగా వుంటుంది. ఒక్క రవ్వతో మొత్తం మండదు. అందుకే ఒక్కో రోటర్‌కి రెండేసి ప్లగ్గులు. కిందిది లీడింగ్, పైది ట్రెయిలింగ్. ఆర్‌ఎక్స్-8లో నాలుగు ప్లగ్గులకి నాలుగు కాయిల్స్, నాలుగు వైర్లు వుంటాయి. అసలు భారం లీడింగ్ ప్లగ్గులదే. పై ప్లగ్గు పనిచెయ్యకపోయినా బండి నీరసంగానైనా నడుస్తుంది. కింది ప్లగ్గు పనిచెయ్యకపోతే స్టార్ట్ అవడమే గగనం.

ఇక్కడో తిరకాసుంది. పై ప్లగ్గూ కింది ప్లగ్గూ ఒకటి కావు. వాటి మీద 'ఎల్', 'టి' అన్న గుర్తులుంటాయి. ఈ ఇంజన్ తెలియని చేతిలో పడితే ప్లగ్గులైనా వైర్లైనా తారుమారవుతాయి. అంతవరకూ బాగున్న బండి ప్లగ్గులు మార్పించిన మర్నాడు మొరాయించిందంటే మొదటి అనుమానం దాని మీదే. పైగా ఈ ప్లగ్గులు బోనెట్ ఎత్తగానే కంటికి కనిపించవు. ముందున్న ఎడమ చక్రం తీసి ఆ సందులోంచి విప్పుతారు చాలామంది. "తీరిగ్గా చూద్దాంలే" అని వాయిదా వెయ్యడానికి అదొక సాకు!

కాయిల్స్ వేడికి మెల్లమెల్లగా బలం తగ్గిపోతాయి. ఈ కార్లు బాగా తెలిసినవాళ్లు 30, 40 వేల మైళ్లకోసారి నాలుగూ కలిపి మార్చేస్తారు. అవి చచ్చేముందు చెప్పే చస్తాయి. ఎత్తెక్కేటప్పుడు బండి కుదుపుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంటుంది. అమెరికాలో 1996 మోడల్ నుంచీ ప్రతి కారులోనూ స్టీరింగ్ కింద చిన్న సాకెట్టు వుండాలన్నది నియమం. చవగ్గా దొరికే ఓ కోడ్ రీడర్‌ని అందులో పెడితే కారే తన జబ్బు పేరు చెబుతుంది. పి0300 అని వస్తే రవ్వ తప్పిపోతోందని అర్థం.

ఆ లైటుని పట్టించుకోకపోతే ఏమవుతుంది? మండని పెట్రోలు పొగగొట్టంలోని కాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. అది కాలి పూడుకుపోతే పొగ బయటికి పోలేక వేడి వెనక్కి తంతుంది. ఆ వేడికి సీళ్లు దెబ్బతింటాయి. అప్పుడు నిజంగానే ఇంజన్ పోతుంది! ఒక్క కాయిల్ దగ్గర మొదలైన కథ ఇంజన్ దాకా వెళ్లే దారి ఇది.

ఇంకో చిన్న వస్తువు కూడా వుంది. ఇంజన్ ఇరుసు ఎక్కడ తిరుగుతోందో కంప్యూటర్‌కి చెప్పే సెన్సర్. అది మూగబోతే రవ్వా రాదు, పెట్రోలూ రాదు. స్టార్టర్ తిప్పుతున్నప్పుడు ఇంజన్ వేగం చూపించే ముల్లు కొంచెమైనా కదలకపోతే దాన్ని అనుమానించాలి.

రవ్వ వస్తోందా లేదా అన్న పరీక్షకి స్పార్క్ టెస్టర్ అనే సాధనం వుంది. వైరు చేత్తో పట్టుకుని చూసే మొనగాళ్లని మాత్రం దగ్గరికి రానివ్వకండి. వేల వోల్టులతో, పెట్రోలు ఆవిరితో ఆటలేమిటి?

ఇంజన్ పోయిందని ఎప్పుడనాలి?

రవ్వ బాగుంది, పెట్రోలు వస్తోంది, బ్యాటరీ గట్టిగా వుంది, తడి ఆరింది. అయినా అంటుకోకపోతే అప్పుడు కంప్రెషన్ టెస్టు చెయ్యాలి. గదిలో ఒత్తిడి ఎంత వస్తోందో కొలవడం అన్నమాట. మామూలు మీటరు రోటర్‌కున్న మూడు ముఖాల్లో ఎక్కువ ఏదో అదే చూపిస్తుంది. మూడింటినీ విడివిడిగా చూపించే రోటరీ మీటరు వేరే వుంది. ఆర్‌ఎక్స్-8కి నిమిషానికి 250 చుట్ల వేగంలో కనీసం 680 కిలోపాస్కల్స్ రావాలి. పాత కేజీల లెక్కలో 6.9. రెండు రోటర్లకి కలిపి ఆరు అంకెలు కాగితం మీద పడాలి. అవి బాగా కిందికి దిగితే ఇంజన్ పోయిందన్న మాట నిజమే. ఆ ఆరు అంకెలూ లేకుండా ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు.

మా చెల్లి ఆ కారుని అక్కణ్ణుంచి తీయించి, రోటరీలు మాత్రమే చూసే ఓ పెద్దాయన దగ్గరికి పంపింది. నలభై మైళ్ల దూరం, మళ్లీ లాగుడు ఖర్చు! "వృథా" అని మా మరిది సణిగాడు. రెండో రోజు ఆ పెద్దాయన ఆరు అంకెలూ రాసి పంపాడు. ఒక్కటీ 7కి తగ్గలేదు. ప్లగ్గులు తడిసి వున్నాయి, నాలుగు కాయిల్స్‌లో ఒకటి రవ్వ సరిగ్గా ఇవ్వడం లేదు. నాలుగూ మార్చి, ప్లగ్గులు కొత్తవి వేసి పంపితే ఇంజన్ ఖరీదులో పదో వంతు కూడా కాలేదు. ఆ కాగితం చెల్లి ఫ్రిజ్‌కి అంటించింది. మరిది ఇప్పుడు ఎవరైనా వస్తే దాన్ని తనే చూపించి వివరిస్తున్నాడు!

మన స్కూటీకీ ఇదే వరస

మన రోడ్ల మీద రోటరీ కార్లు కనిపించవు గదా, మనకెందుకంటారా? ఏ పెట్రోలు బండికైనా కావలసినవి మూడే. రవ్వ, పెట్రోలు, ఒత్తిడి. పాత కార్బురేటర్ స్కూటీ ఫ్లడ్డయితే చోక్ మూసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి కిక్ కొట్టమనేది కూడా ఈ సూత్రమే. వాన నీళ్లలో తడిసిన స్కూటర్ ఆగిపోతే మొదట చూసేది ప్లగ్గు క్యాప్‌నే. మీరే విప్పి బాగుచెయ్యాలని నేననను. మెకానిక్ ముందు నిలబడినప్పుడు అడగాల్సింది అడగాలి, అంతే.

బ్యాటరీ ఎన్ని వోల్టులుంది? స్టార్టర్ తిప్పేటప్పుడు ఎంతకి పడింది?

అన్ని ప్లగ్గుల్లోనూ రవ్వ చూశారా? తీసిన ప్లగ్గులు నాకు చూపిస్తారా?

పెట్రోలు వస్తోందా? ఎక్కువొచ్చి తడిసిందా?

కంప్రెషన్ ఎంతొచ్చింది? కాగితం మీద రాసిస్తారా?

పాత రోటరీ కారు కొనాలనుకునే పిల్లలెవరైనా వుంటే వాళ్లకి ఈ నాలుగో ప్రశ్న కొనకముందే అడగమని చెప్పండి. ఈ ఇంజన్ సీళ్ల కోసం కొంచెం కొంచెంగా ఆయిల్ తాగుతుంది, అది జబ్బు కాదు. కాబట్టి పెట్రోలు పోయించిన రెండోసారల్లా ఆయిల్ పుల్ల తీసి చూడమని కూడా చెప్పండి.

నాలుగు ప్రశ్నలకీ జవాబిచ్చే మెకానిక్ దొరికితే వదులుకోకండి. ప్రశ్న వినగానే "అవన్నీ మీకెందుకమ్మా, సార్‌ని పంపండి" అన్నాడా... బండి తాళాలు వెనక్కి తీసుకోండి.